కలాంగ్ ఒడ్డు, మా రేవు

2022 జూలైలో అమ్మకు ఫోన్ చేసి మొదట అడిగింది ఒకటే. "ధవళేశ్వరం దగ్గర ఎంతుందమ్మా?"

"మూడోదీ ఇచ్చేశారు నాన్నా. గేదెల్ని ఏటిగట్టు మీదకి తోలేశాం. నువ్వు తిని పడుకో."

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి మట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంకలో పుట్టినవాళ్ళకు ఎక్కాలకంటే ముందు వచ్చే లెక్క ఇది. ఆసారి బ్యారేజీ దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది. మా వైనతేయ పాయ ఒడ్డున ఇళ్ళలోకి ఎర్రనీరు వచ్చేసింది. నేనేమో సింగపూర్‌లో, ఇంకో నది పక్కన గడ్డి కోస్తున్నాను.

ఆ నది పేరు కలాంగ్. ఆ దీవిలో అన్నిటికంటే పొడవైనదే, అయినా పది కిలోమీటర్లే. బిషాన్ పార్కులో ఒకప్పుడది సిమెంటు కాలువ. 2.7 కిలోమీటర్ల ఆ కాలువను తీసేసి, 2012 నాటికి 3 కిలోమీటర్ల వంపుల నదిగా మార్చారు. వాన లేనప్పుడు పిల్లలు దిగి ఆడుకుంటారు. పెద్ద వానొస్తే దీపాలు వెలిగి సైరన్ మోగుతుంది, పక్కనున్న గడ్డినేల మీదకి నీళ్ళెక్కుతాయి. నదికి పొర్లే చోటు వదిలారు, అది నాకు బాగా నచ్చింది. కానీ మొదటిసారి సైరన్ విన్నప్పుడు చేతిలో పని వదిలేసి, అలవాటుకొద్దీ పశువుల కోసం చూశాను. నీళ్ళు త్వరగానే దిగిపోయాయి. మాకైతే రోజులు పడుతుంది, ఆ తర్వాత ఇంట్లో మేట ఎత్తిపోసుకోవాలి.

కలాంగ్ మొగ దగ్గర ఒకప్పుడు పడవల్లోనే కాపురం చేసే ఒరాంగ్ లౌత్ జనం ఉండేవారట. 1819లో ఇంగ్లీషువాళ్ళు వచ్చిన తర్వాత ఆ పడవల జనాన్ని పక్కనే ఇప్పటి మలేషియాలో ఉన్న జోహోర్ వైపు తరలించారు. అది తెలిసిన రోజు అన్నం సయించలేదు. మమ్మల్ని ఎవరూ పొమ్మనలేదు, ఏరే కోసుకుపోతోంది. నా చిన్నప్పుడు ఇంటికీ ఏటికీ మధ్య మూడు వరసల కొబ్బరి ఉండేది. ఇప్పుడు ఒక్క వరసే.

బిషాన్‌లో గట్టు జారకుండా రాళ్ళ మధ్య మొక్కలు నాటి, వేళ్ళతో మట్టిని పట్టించారు. ఆ ఉపాయం గోదావరి వరదకు ఆగుతుందని నేను అనను. అయినా ఫోటో పంపితే అమ్మ వెంటనే ఫోన్ చేసింది.

"ఆ మొక్క పేరేంటి నాన్నా? మన రేవులో వేస్తే బతుకుతుందా?"

రేపు పనిలోకి వెళ్ళగానే సూపర్‌వైజర్‌ని అడగాలి.