ఇల్లెవరిది, అతిథి ఎవరు?

పూర్వ విద్యార్థుల సమ్మేళనం సంచికకు ఒక పేజీ రాయమని కమిటీ మిత్రులు అడిగారు. వార్షికోత్సవం గొడవ, హాస్టలు పప్పుచారు గురించి లెన్సు శీను రాస్తాడు. నాకు మాత్రం డిగ్రీ అంటే పానగల్ దారిలోని గుట్ట దగ్గర జియాలజీ సారు మనల్ని నిలబెట్టిన మధ్యాహ్నమే.

గ్రానైట్‌లో ఎక్కువగా కనిపించే ఖనిజం ఫెల్‌స్పార్. గులాబీ రంగు ఫెల్‌స్పార్ మీద సన్నని తెల్ల చారలు చూడగానే సాగర్ బస్సు బృందమంతా ఒక్క గొంతుతో "పెర్థైట్" అన్నది. సారు ఒప్పుకోలేదు. "ఇల్లెవరిది, అతిథి ఎవరు? ముందు అది చెప్పండి" అన్నారు. పొటాష్ (పొటాషియం) ఫెల్‌స్పార్ ఇంట్లో ఆల్బైట్, అంటే సోడియం ఫెల్‌స్పార్, చారలుంటే పెర్థైట్. ప్లేజియోక్లేజ్ (సోడియం, కాల్షియం ఫెల్‌స్పార్) ఇంట్లో పొటాష్ ఫెల్‌స్పార్ ఉంటే యాంటీపెర్థైట్. రెండూ దాదాపు సమానంగా ఉంటే మెసోపెర్థైట్. చారలు చూడటానికి మైక్రోస్కోపు కావలసి వస్తే మైక్రోపెర్థైట్, దానికీ అందకపోతే క్రిప్టోపెర్థైట్. కెనడాలోని పెర్థ్ ఊరి పేరు మీద 1843లో స్కాట్లండ్ రసాయన శాస్త్రవేత్త థామస్ థామ్సన్ పెట్టిన పేరుకు ఇంత సంతానం!

అంతటితో వదిలితే ఆయన మన సారెందుకవుతారు? వేడి మీద ఒకే స్ఫటికంలో ఇమిడిన సోడియం, పొటాషియం చల్లారేకొద్దీ విడిపోయి ఈ చారలవుతాయని మనం నోట్సులో రాసుకున్నాం. అన్నీ అలా పుట్టవన్నారు. తరువాత చొరబడిన ద్రవాలు పాత ఖనిజం స్థానంలో ఆల్బైట్‌ను నింపినా పైకి పెర్థైట్‌లాగే కనిపిస్తుందట. "పేరు మీ కంటికి కనిపించినదానికి. పుట్టుకకు వేరే సాక్ష్యం తెండి" అన్నారు. నీళ్ళ సీసాలు ఖాళీ అయినా వదలలేదు. పక్క బండలో ఫెల్‌స్పార్ నిండా అక్షరాలు చెక్కినట్టున్న పలుగురాయిని చూపించి, గ్రాఫిక్ గ్రానైట్ గురించి మళ్ళీ మొదలుపెట్టారు. మూల బెంచీ అమ్మాయిలు మాత్రం రాసుకుంటూనే ఉన్నారు.

ఆ తరువాతి సంవత్సరాలు ఎలా గడిచాయో చెప్పేంత చోటు లేదు. ఇప్పుడు మా ప్రయోగశాలలో రాతి స్లైడ్ల నివేదిక ఏదీ నా సంతకం లేకుండా బయటికి వెళ్ళదు. కొత్తగా చేరినవారు మిర్మెకైట్‌ను, అంటే ప్లేజియోక్లేజ్‌లో పురుగుల్లా మెలికలు తిరిగిన పలుగురాయిని చూడగానే, అది ఎలా పుట్టిందో కూడా అదే వాక్యంలో రాసేస్తారు. ఫిన్లాండ్ భూగర్భ శాస్త్రవేత్త సెడర్‌హోమ్ 1897లో ఆ పేరు పెట్టినప్పటి నుంచి దాని పుట్టుక మీద వాదం నడుస్తూనే ఉంది. అందుకే ఆ వాక్యాన్ని రెండుగా విడగొట్టించి కానీ సంతకం పెట్టను.

సమ్మేళనానికి మంచి స్లైడ్లు కొన్ని తెస్తున్నాను. మైక్రోస్కోపు గది తాళాలు ఎవరి దగ్గరున్నాయో కమిటీ ముందే కనుక్కోవాలి.