82 డిగ్రీలకే చతికిలబడుతోంది!

గేమ్ మధ్యలో నా లాప్‌టాప్ వేగం మళ్లీ పడిపోయింది. సీపీయూ (ప్రాసెసర్) 82 డిగ్రీలు, జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) 76. ఇంత బక్క లాప్‌టాప్‌కి ఇవి చాలా మంచి అంకెలు. అయినా సైబర్‌పంక్ గేమ్‌లో 78 దగ్గర నిలకడగా నడుస్తున్న ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఫ్రేములు) ఉన్నట్టుండి 17కి జారింది. అర నిమిషం అక్కడే మూలిగి, ఏమీ ఎరగనట్టు మళ్లీ 78కి వచ్చేసింది. నాలుగు నిమిషాలాగి మళ్లీ అదే తంతు. 100 డిగ్రీలు కొట్టి పడిపోతే ఒక లెక్క, ఇందులోని 12700హెచ్ ప్రాసెసర్‌కి ఇంటెల్ పెట్టిన హద్దు అదే కదా. 82 దగ్గర పడిపోతే ఎవర్ని అడగాలి?

మెషీన్ వివరాలు క్లుప్తంగా: మందం 18 మి.మీ., ఐ7-12700హెచ్, జీపీయూ ఆర్‌టీఎక్స్ 3060 (80 వాట్లు, సీపీయూ వాడని వాట్లని జీపీయూకి మళ్లించే డైనమిక్ బూస్ట్‌తో 95), 180 వాట్ల అడాప్టర్. కంపెనీ పేరు వద్దులెండి. 3060 అని డబ్బా మీద పేరు ఒకటే ఉంటుంది, లోపల 60 వాట్లు ఉండొచ్చు, 115 ఉండొచ్చు. ఆ అంకె బయటికి చెప్పమని 2021లో ఆ చిప్ చేసే ఎన్‌విడియానే లాప్‌టాప్ తయారీదార్లకు చెప్పింది. అయినా షాపులో అడిగితే కీబోర్డు లైట్ల గురించే చెబుతారు.

మంచి వార్తలు ముందు ముగించేస్తా. పీటీఎమ్ 7950 (చిప్పు వేడిని హీట్‌సింక్‌కి దాటించే షీటు) వేశాను, 45 వాట్ల దగ్గర సీపీయూ 94 నుంచి 85కి దిగింది. జీపీయూని 775 మిల్లీవోల్టుల దగ్గర 1700 మెగాహెర్ట్జ్‌కి కట్టేశాను, దాని జోలికి ఇంక వెళ్లక్కర్లేదు.

7950 గురించి మన విశాఖవాళ్లకి ఒక్క మాట. అది 45 డిగ్రీల దగ్గర కరిగే సరుకు. 33 డిగ్రీల గదిలోనే మెత్తబడిపోయి, పైపొర లాగితే షీటంతా దాంతోపాటు వచ్చేస్తుంది. పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టాలి. అలా విడిగా పెట్టి తీస్తే మన గాలికి దాని మీద చెమట పట్టేస్తుంది. అందుకని జిప్ కవర్లో పెట్టి, బయటికి తీశాక కవరు మీద తడి ఆరనిచ్చి, అప్పుడు పొర లాగండి. దీని బదులు కొందరు వాడే లిక్విడ్ మెటల్ జోలికి మాత్రం నేను పోను. అల్యూమినియాన్ని తినేసే పదార్థాన్ని బ్యాగులో మోసుకుతిరిగే వస్తువులో పోయడమేంటి!

సీపీయూ వోల్టేజీ తగ్గిద్దామంటే బయాస్‌లో తాళం. 2019 డిసెంబరులో ప్లండర్‌వోల్ట్ అనే భద్రతా లోపం (వోల్టేజీ తగ్గించి సీపీయూలోని రహస్యాలు లాగేది) బయటపడ్డాక ఆ తలుపు మూసేశారు. వోల్టేజీ పది శాతం తగ్గితే ఆ ఒక్కదానివల్లే కరెంటు ఖర్చు దాదాపు 19 శాతం పడిపోతుంది, అది వోల్టేజీ వర్గంతో పెరుగుతుంది కాబట్టి. అంత లాభం పోయింది. మిగిలింది పీఎల్1 (సీపీయూ నిలకడగా వాడుకోగల వాట్ల హద్దు) ఒక్కటే. సీపీయూ వేగం కొలిచే సినీబెంచ్ ఆర్23లో 45 వాట్లకి 13,600, 65 వాట్లకి 15,900 వచ్చాయి. 44 శాతం ఎక్కువ కరెంటు తాగి 17 శాతం ఎక్కువ పని చేసిందన్నమాట. 45 దగ్గరే స్థిరపడ్డాను.

ఇక అసలు గొడవ.

సీపీయూ హద్దులు చూపించే థ్రాటిల్‌స్టాప్ సాఫ్ట్‌వేర్‌లో లిమిట్స్ కిటికీ తెరిచి పెడితే, పడిపోయిన ప్రతిసారీ బీడీ ప్రాక్‌హాట్ డబ్బా ఎర్రగా వెలుగుతోంది. అంటే ఆగమని చెబుతున్నది సీపీయూ కాదు. బోర్డు మీద ఇంకేదో భాగం ఆ తీగ లాగి సీపీయూని 800 మెగాహెర్ట్జ్‌కి తోసేస్తోంది. ఏ భాగమో చెప్పే సెన్సార్, సెన్సార్ల అంకెలు చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో సాఫ్ట్‌వేర్‌లో లేదు. ద్వారకానగర్‌లో ఒక షాపులో చూపిస్తే, "గేమింగ్ లాప్‌టాప్ వేడెక్కక ఇంకేటవుద్ది సార్, ఏసీలో పెట్టుకోండి" అన్నాడు కుర్రాడు. చిరాకేసింది గానీ, తీరా చూస్తే ఏసీ 26లో నిజంగానే పడిపోలేదు. సీలింగ్ ఫ్యాన్ కింద, గది 33లో ఉంటే 14వ నిమిషానికి పడిపోతోంది.

మొదటి అనుమానం వీఆర్‌ఎం (చిప్పులకి తగ్గ వోల్టేజీ ఇచ్చే సర్క్యూట్) మీద. మల్టీమీటర్ తాలూకు కె-టైప్ థర్మోకపుల్ (వేడి కొలిచే) తీగని జీపీయూ పక్క చోక్ (వీఆర్‌ఎంలోని కాయిల్) మీద వేడిని తట్టుకునే కాప్టన్ టేపుతో అతికించి, కింది కవరు సందులోంచి బయటికి లాగాను. తీగ సన్నం కాబట్టి స్క్రూలన్నీ పట్టాయి. ఏసీలో చోక్ 93 దగ్గర ఆగింది. ఫ్యాన్ కింద 104కి ఎక్కిన క్షణంలోనే ఎర్ర డబ్బా వెలిగింది. దొరికిందిరా దొంగ అనుకున్నా.

వెనక భాగం 3 సెం.మీ. ఎత్తి పెడితే చోక్ 4 డిగ్రీలు తగ్గింది, పడిపోవడం 22వ నిమిషానికి జరిగింది. బాగానే ఉందని కింది కవరు మొత్తం తీసేసి ఆడాను. 9వ నిమిషానికే పడిపోయింది! కవరు లేకపోతే ఫ్యాన్లు ఎదురుగా ఉన్న గాలిని తేరగా లాగేసుకుంటాయి. కవరు ఉంటేనే గాలి బోర్డు మీదుగా, చోకుల మధ్యనుంచి పాకుతూ రావాలి. కాబట్టి కవరుకు అడ్డదిడ్డంగా చిల్లులు పెట్టాలనుకునేవాళ్లు ఒకసారి ఆలోచించుకోండి. కూలింగ్ ప్యాడ్లూ అంతే. కింద ఊదే మామూలు రకాలు డబ్బు దండగ. అంచుల చుట్టూ ఫోమ్‌తో బిగించి ఊదేవి పని చేస్తాయి గానీ, పక్కన మిక్సీలో కొబ్బరి రుబ్బుతున్నట్టు ఉంటుంది.

తర్వాత చోకుల మీద 1.5 మి.మీ. థర్మల్ ప్యాడ్లు వేసి కింది కవరుకి ఆనించాను. చోక్ 104 నుంచి 92కి వచ్చింది. కవరు బయటివైపు ఐఆర్ గన్‌తో 58, ఒళ్లో పెట్టుకునే ఆశ వదులుకోవాల్సిందే. ఇంత చేశాక కూడా 14వ నిమిషానికే పడిపోయింది. అదే నిమిషం! చోక్ 92లో ఉండగా! అంటే 104 అన్నది కాకతాళీయమా?

ఇక్కడ రెండు ఆధారాలు దొరికాయి. బ్యాటరీ 80 శాతం పరిమితికి చేరి ఊరికే ఉంటే 14వ నిమిషం. 40 శాతం నుంచి ఛార్జ్ అవుతూ ఉంటే 6వ నిమిషం. రెండోది ఇంకా విచిత్రం. పరీక్ష కోసం బీడీ ప్రాక్‌హాట్ టిక్ తీసేసి అరగంట ఆడితే ఒక్కసారీ పడిపోలేదు గానీ, అడాప్టర్ పెట్టే ఉన్నా బ్యాటరీ 80 నుంచి 76కి దిగింది. (టిక్ వెంటనే మళ్లీ పెట్టేశాను. అది బోర్డుని కాపాడే తాడు, శాశ్వతంగా తీసేయమని సలహా ఇచ్చేవాళ్ల మాట వినకండి.)

అంటే అడాప్టర్ చాలడం లేదా? ప్లగ్ మీటర్ పెట్టి చూస్తే గోడ దగ్గర ఫ్యాన్ గదిలో 194 వాట్లు, ఏసీలో 190. అడాప్టర్ సామర్థ్యం 90 శాతం అనుకుంటే లాప్‌టాప్‌కి చేరేది 175, 171. హద్దు 180. క్షణకాలం ఎగిరే లోడ్లు ప్లగ్ మీటర్‌కి దొరకవు కాబట్టి అంచు దాటుతూ ఉండొచ్చు. లాప్‌టాప్ ఛార్జింగ్ చిప్పుల్లో చాలావాటికి ప్రాక్‌హాట్ పిన్ ఉంటుంది, అడాప్టర్ కరెంటు మీరితే సీపీయూని ఆపమని చెప్పేది అదే. కథ కుదిరినట్టే ఉంది. కానీ హద్దు మీరడమే కారణమైతే మొదటి నిమిషంలోనే పడిపోవాలి, 14 దాకా ఎందుకు ఆగుతుంది? కవరు తీస్తే 9కి ఎందుకు తగ్గింది? అడాప్టర్ 68 డిగ్రీలకి వేడెక్కుతోంది కదా అని దానికి టేబుల్ ఫ్యాన్ పెడితే 14 కాస్తా 16 అయింది, అంతే. నా ఊహ ఏంటంటే, ఛార్జింగ్ సర్క్యూట్ దగ్గర చిన్న థర్మిస్టర్ (వేడిని పసిగట్టే భాగం) ఏదో ఉండి, అక్కడ వేడి పెరిగేకొద్దీ కరెంటు హద్దుని కిందికి దించుతోంది. రుజువు లేదు.

ప్రస్తుతానికి డైనమిక్ బూస్ట్ ఆపేసి, పీఎల్1 35కి దించాను. 33 డిగ్రీల గదిలో గంటన్నర ఆడినా చలించలేదు. ఎఫ్‌పీఎస్ 71. మా ఆవిడ చూసి "తేడా ఏముంది?" అంది. ఆవిడ అన్నదీ నిజమే, 71కీ 78కీ కంటికి తేడా తెలియదు. నాకు మాత్రం ఆ 7 కావాలి.

ఈ ఆదివారం శుభ్రం చేయడం కూడా ఉంది. జ్ఞానాపురంలో ఉన్నప్పుడు ఫిన్లలో (వేడిని గాలికి వదిలే సన్నటి రేకుల్లో) పొడి నల్ల దుమ్ము చేరేది, బ్లోయర్‌తో ఊదితే పోయేది. ఈ లాసన్స్ బే కాలనీ గాలికి దుమ్ము ఉప్పు జిడ్డుతో కలిసి ఫ్యాన్‌కీ ఫిన్లకీ మధ్య గుడ్డలా పట్టేస్తోంది. ఊదితే రాదు, ఫ్యాన్ విప్పి పట్టకారుతో ఒలిచి తీయాలి.

తర్వాత, గాజువాకలో మా పెద్దమ్మ కొడుకు దగ్గర అదే కంపెనీ 230 వాట్ల అడాప్టర్ ఉంది. వోల్టేజీ అదే 20, పిన్నూ అదే. దాంతో కూడా 14వ నిమిషానికే పడిపోతే, అడాప్టర్ గోల వదిలేసి థర్మోకపుల్‌ని ఛార్జింగ్ పోర్టు వెనకున్న మాస్‌ఫెట్ల (కరెంటుని ఆన్-ఆఫ్ చేసే చిప్పుల) మీదకి మారుస్తాను. అక్కడ 0.5 మి.మీ. ప్యాడ్‌కి చోటుందో లేదో కొలవాలి. రోహిణి కార్తె లోపే ఇదంతా తేల్చాలి, అప్పటికి గది 35 దాటిపోతుంది, ఇప్పటి అంకెలతో పోల్చడానికి పనికిరాదు.