నజాక్ నుంచి ప్వీసెల్సీ దాకా: అవేరాన్ లోయలో కాలినడకన

విమానాల కంపెనీల పుణ్యమా అని దక్షిణ ఫ్రాన్స్‌లోని టూలూజ్‌లో మన తెలుగువాళ్లు బాగానే ఉన్నారు. ఇండియా నుంచి అమ్మానాన్నలో ఫ్రెండ్సో వస్తే అందరం తిప్పేది అవే చోట్లు: కార్కసోన్ కోట, లూర్దు, ఓపికుంటే పారిస్. టూలూజ్ స్టేషన్‌లో లోకల్ రైలెక్కి ఈశాన్యంగా రెండు గంటలు కూర్చుంటే వచ్చే అవేరాన్ నది లోయ సంగతి మాత్రం పెద్దగా ఎవరూ ఎత్తరు. ఎత్తినవాళ్లు కూడా "ఆ, కార్లో వెళ్లి ఒక్క పూటలో నాలుగూళ్లు చూసొచ్చాం, బావున్నాయి" అంటారు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

కార్లో వెళ్తే ఏమవుతుందంటే, ఊరి పక్క పార్కింగ్‌లో దిగుతారు, రాళ్ల సందులో పైకి నడుస్తారు, కోటకి ఒక ఫొటో, ఒక ఐస్‌క్రీం, మళ్లీ కారు. ఆ కోట అక్కడే ఎందుకుంది, ఆ ఊరు నీళ్ల పక్కన హాయిగా కూర్చోకుండా కొండ కొమ్ముకి ఎందుకెక్కింది అన్న ప్రశ్నే రాదు. అది మోకాళ్లకి తెలియాలి.

నడక మొదలయ్యే ఊరు నజాక్‌తోనే చూడండి. రైల్వే స్టేషన్ లోయ అడుగున, నది పక్కన ఉంటుంది. దిగి తల పైకెత్తితే కోట సరిగ్గా నెత్తి మీద. అడవిలోంచి దారి పైకి లాక్కుపోతుంది, పైకొచ్చేసరికి ఊపిరందదు, అప్పుడర్థమవుతుంది ఇనుప కవచాలు తొడుక్కుని ఈ కొండ ఎక్కమంటే సైనికుల పని ఏమయ్యేదో. ఊరు మొత్తం కొండ శిఖరం మీద చేప వెన్నెముకలా ఒకే వీధి, రెండు వైపులా ఇళ్లు, ఇళ్ల వెనకాల పల్లం. ఇప్పుడు కనిపించే కోటని 1253లో ఫ్రాన్స్ రాజుగారి తమ్ముడు అల్ఫోన్స్ కట్టించాడు. అంతకు ముందు ఈ ప్రాంతంలో కతార్లు అనే క్రైస్తవ శాఖ మీద పోప్ యుద్ధం ప్రకటించడం, 1209 నుంచి ఇరవై ఏళ్లు ఊళ్లకి ఊళ్లు నలిగిపోవడం జరిగింది. ఆ తర్వాత కూడా పాలకులు ఇక్కడి జనాన్ని నమ్మలేకపోయారు కాబట్టే ఇంత కోట. బాణాలు వేసేందుకు గోడలో పెట్టిన చీలికలు దాదాపు 6.8 మీటర్ల ఎత్తు, ఒకే చీలికలోంచి ముగ్గురు విలుకాళ్లు ఒకరి పైన ఒకరు నిలబడి కొట్టేవారట. కింద చర్చి ఉంది చూశారూ, అది కతార్లని నమ్మినందుకు శిక్షగా ఊరివాళ్ల సొంత డబ్బుతో కట్టించింది. శిక్షే అయినా చర్చి అందంగా ఉంటుంది, అది వేరే సంగతి.

అక్కడి నుంచి నదితో పాటు కిందికి నడుస్తూ పోవడమే. లగేపీలో వియోర్ నది వచ్చి కలుస్తుంది. తర్వాత వారెన్, ఫెనెరోల్ అనే ఊళ్లు, లోయ కొంచెం వెడల్పవుతుంది. ఈ ముక్క నాకు పెద్దగా నచ్చదు, టైం లేకపోతే వదిలేయండి.

దారి తప్పుతామేమో అన్న టెన్షన్ పెట్టుకోకండి. దూరపు దారులకి తెలుపు-ఎరుపు గీతలు, ఊరి చుట్టూ తిరిగొచ్చే చిన్న దారులకి పసుపు గీత. చెట్టు మీదో, రాయి మీదో, కరెంటు స్తంభం మీదో ఉంటాయి. ఇంటూ మార్కు కనిపిస్తే అటు వెళ్లొద్దని. 1947లో మొదలైన పద్ధతి ఇది, ఇప్పుడు దేశమంతా కలిపి 1,80,000 కిలోమీటర్లకి పైగా దారులకి ఇలా గుర్తులున్నాయి. వాటికి రంగులేసేది జీతగాళ్లు కాదు, చాలావరకు స్థానిక నడక క్లబ్బుల వాలంటీర్లు, అందులోనూ రిటైరైన పెద్దవాళ్లే ఎక్కువ. పెయింటు డబ్బా, బ్రష్, కొమ్మలు కత్తిరించే కత్తెర పట్టుకుని తిరుగుతుంటారు. దారిలో ఎదురైతే "బోంజూర్" అనడం మర్చిపోకండి, టూలూజ్ మెట్రోలో మొహం చూడనివాళ్లు కూడా ఇక్కడ పలకరిస్తారు.

సాంత్ ఆంటొనాన్ నోబ్ల్ వాల్. పేరు పెద్దది, ఊరు చిన్నది. వీలైతే ఆదివారం పొద్దున చేరండి, సంత ఆ రోజే. మేక పాల చీజ్, పుట్టగొడుగులు, సీజన్‌లో ఖర్బూజాలు, పల్లెల నుంచి వచ్చిన రైతులు, సగం మంది ఇంగ్లీషులోనే మాట్లాడుకునే బ్రిటిష్ రిటైర్డ్ జనం. ఊరి నడిమధ్య 12వ శతాబ్దపు భవనం ఒకటి ఉంది, ఫ్రాన్స్‌లో చర్చీ కోటా కాని కట్టడాల్లో బాగా పాతవాటిలో అదొకటి. గోడ మీద ఆదాము హవ్వలు, చట్టాలు చేసిన జస్టీనియన్ చక్రవర్తి బొమ్మలు. పక్కన ఉన్న గంట గోపురం మాత్రం అసలుది కాదు, 19వ శతాబ్దంలో బాగు చేయించినప్పుడు వియొలె ల్ డ్యూక్ అనే ఆర్కిటెక్ట్ తనకి నచ్చినట్టు కలిపేశాడు. పాతదాన్ని బాగు చేయమంటే కొత్తది కట్టడం మన దగ్గరే కాదన్నమాట. ఇంకో ముచ్చట: ఓం పురి ఒక ఫ్రెంచ్ పల్లెలో ఇండియన్ హోటల్ పెట్టే హాలీవుడ్ సినిమా 2014లో వచ్చింది గుర్తుందా, రెహమాన్ మ్యూజిక్? ఆ పల్లె ఇదే. నిజం ఊళ్లో ఇడ్లీ దొరుకుతుందని ఆశపడకండి.

ఊళ్లో ఫొటోలు అయ్యాక నది దాటి ఎదురుగా ఉన్న రోక్ దాంగ్లార్ కొండ ఎక్కాలి. నిటారుగానే ఉంటుంది, కానీ ఎక్కితే ఊరి పెంకుటిళ్లు, నది వంపు, అటు వైపు కొండలు అన్నీ ఒక్కసారి కనిపిస్తాయి. ఆ పైన మొదలవుతుంది అసలు వింత. కింద పచ్చటి లోయ, పైన మాత్రం ఎండిన సున్నపురాయి పీఠభూమి, ఇక్కడివాళ్లు కోస్ అంటారు. పొట్టి ఓక్ చెట్లు, రాళ్లు పేర్చిన గోడలు, గొర్రెల కాపరులు ఎండకీ వానకీ తలదాచుకోవడానికి సున్నం, మట్టి లేకుండా కట్టుకున్న గుండ్రటి రాతి గుడిసెలు. వాన నీరంతా రాతి పగుళ్లలోంచి లోపలికి దిగిపోతుంది, అందుకే పైన వాగు గానీ చెరువు గానీ కనిపించదు, కింద గుహలు మాత్రం బోలెడు. జులైలో ఇక్కడ రెండు లీటర్ల నీళ్లు చాలవు. ఫ్రెంచ్ నడకగాళ్ల దగ్గర నేర్చుకున్న చిట్కా: సమాధుల తోట వెతకండి. పూలమొక్కలకి పోయడానికి దాదాపు ప్రతి ఊరి సమాధుల దగ్గరా కుళాయి ఉంటుంది, తాగకూడదని బోర్డు లేకపోతే సీసా నింపుకోవచ్చు. శ్మశానం నీళ్లు తాగానని తెలిస్తే మా అమ్మ తలస్నానం చేయించిగానీ లోపలికి రానివ్వదు, అందుకని ఈ పోస్టు ఆవిడకి పంపడం లేదు.

తిండి విషయంలో శాకాహారులు జాగ్రత్త. ఇది బాతుల దేశం. సలాడ్ కదా అని ఆర్డరిస్తే మీద బాతు కందనకాయలు వేసి తెస్తారు. మధ్యాహ్నం రెండు దాటితే వంటగది మూత, సోమవారం చాలా ఊళ్లలో బ్రెడ్ కూడా దొరకదు. నేను పులిహోర కట్టుకుపోతాను, చెడదు, బరువూ తక్కువ.

పెన్ అనే ఊళ్లో కోట శిథిలాలు నది మీదికి ఒరిగిన బండ చివర నిలబడి ఉంటాయి, కింద నుంచి నడిచొస్తే ఇప్పుడో ఇంకాసేపటికో పడేలా అనిపిస్తుంది. తర్వాతి ఊరు బ్రూనికెల్. ఇక్కడ పక్కపక్కనే రెండు కోటలు, ఒకటి పాతది, ఒకటి కొత్తది. ఒకే వంశంలో రెండు శాఖలకి పడక వేరు కాపురాలన్నమాట, దాయాదుల గొడవలు ఎక్కడైనా ఒకటే. కానీ బ్రూనికెల్‌లో నన్ను పట్టి ఆపేసింది కోటలు కాదు, కొండ లోపల ఉన్న గుహ. 1990లో బయటపడింది. ముఖద్వారం నుంచి మూడు వందల మీటర్ల పైన లోపలికి, చిమ్మచీకట్లో, నేల నుంచి మొలిచిన సున్నపు స్తంభాలని విరగ్గొట్టి, దాదాపు 400 ముక్కల్ని గుండ్రంగా పేర్చారు, నిప్పు పెట్టిన ఆనవాళ్లూ ఉన్నాయి. 2016లో ప్రచురించిన లెక్క ప్రకారం దాని వయసు సుమారు 1,76,500 ఏళ్లు. అప్పటికి మన జాతి ఇంకా పశ్చిమ యూరప్ చేరలేదు, అది నియాండర్తాల్ మనుషుల పని. ఎందుకు పేర్చారో ఎవరికీ తెలియదు. గుహలోకి జనాన్ని వదలరు, అదే మంచిది కూడా. అయినా ఆ కొండ మీద నడుస్తున్నప్పుడు కాళ్ల కింద అది ఉందన్న ఆలోచన వదలదు.

చివరి ముక్క గ్రెజీన్ అడవి. మూడున్నర వేల హెక్టార్ల ఓక్ అడవి, ఒకప్పుడు రాజుగారిది. 1660లలో పద్నాలుగో లూయీ మంత్రి కోల్బేర్ యుద్ధ నౌకల కలప కోసం దేశంలోని అడవులన్నీ లెక్క కట్టించినప్పుడు దీన్నీ సర్వే చేయించాడు. కోస్ మీద ఎండకి మాడి వచ్చినవాళ్లకి ఈ నీడ ప్రాణం లేచొచ్చినట్టుంటుంది. అయితే ఫుల్ ప్యాంటు వేసుకోండి, సాక్సులోకి దోపండి, రాత్రికి ఒళ్లంతా చూసుకోండి, గోమార్లు ఉంటాయి, వాటితో లైమ్ జబ్బు వస్తుంది. ముఖ్యంగా సెప్టెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా వేట కాలం, అడవి పందుల కోసం తుపాకులతో దిగుతారు. "వేట జరుగుతోంది" అన్న బోర్డు కనిపిస్తే వెనక్కి తిరగండి, ఎటూ ఏదో ఒక కొట్టొచ్చినట్టు కనిపించే నారింజ రంగు చొక్కా మీద ఉండాలి.

అడవి దాటాక ఎదురుగా గుట్ట మీద ప్రాకారాలతో ప్వీసెల్సీ. గోడ మీద కూర్చుని నడిచొచ్చిన అడవినంతా చూడొచ్చు. ఇక్కడ రైలు స్టేషన్ లేదు. దగ్గర్లో పెద్దది గయాక్, అక్కడి నుంచి టూలూజ్‌కి రైళ్లున్నాయి. గయాక్ దాకా టాక్సీ మాత్రం ముందు రోజే ఫోన్ చేసి మాట్లాడుకోండి, ఆదివారం సాయంత్రం అప్పటికప్పుడు అడిగితే రారు.