పాటిమట్టిలో రూపాయికి నలభై ఎనిమిదో వంతు

ముందే చెప్పేస్తున్నా, లంకెబిందెలేమీ దొరకలేదు. ఊళ్లో కొంతమంది ఇప్పటికీ నమ్మట్లేదు. మొన్న సెలూన్‌లో గెడ్డం గీయించుకుంటుంటే వెనక బెంచీ మీంచి ఒకాయన "మొత్తం మీద ఎంతొచ్చిందండీ?" అని చాలా మర్యాదగా అడిగారు. రెండు వేసవులు మా చేలో మెటల్ డిటెక్టర్‌తో వెతికితే నాకొచ్చింది ఒక బకెట్టుడు తుప్పు, ఒక ఇత్తడి మువ్వ, విరిగిన కొడవలి ముక్కలు, ఏడు నాణేలు. ఆ ఏడింటిలో చెప్పుకోదగ్గది ఒకటి. దాని గురించే ఈ పోస్టు.

ఇదంతా హైదరాబాద్‌లో రాత్రిళ్లు నిద్రపట్టక చూసిన వీడియోలతో మొదలైంది. ఇంగ్లాండులో పెద్దాయనలు కోసేసిన గోధుమ చేలల్లో మెటల్ డిటెక్టర్ పట్టుకుని నెమ్మదిగా నడుస్తుంటారు, బీప్ అనగానే మోకాళ్ల మీద కూర్చుని చిన్న గొయ్యి తీసి రోమన్ నాణెం బయటకి లాగుతారు, గొయ్యి మళ్లీ పూడ్చేస్తారు. అక్కడ ఇది పద్ధతిగా సాగే హాబీ. 1996లో ట్రెజర్ చట్టం చేశారు, 1997 నుంచి దొరికిన వస్తువుల వివరాలు నమోదు చేసుకోవడానికి ప్రత్యేకంగా ఒక వ్యవస్థే పెట్టారు. 2009లో స్టాఫర్డ్‌షైర్‌లో ఒక రైతు పొలంలో డిటెక్టర్ పట్టుకున్న మనిషికే 3,500కి పైగా బంగారు, వెండి ముక్కల నిధి తగిలింది. అది చూసిన రాత్రి నాకూ అనిపించింది, మనకీ ఉందిగా రెండెకరాలు, అదీ ద్రాక్షారామం పక్కన, తూర్పు చాళుక్యులు తిరిగిన నేల మీద అని. స్నేహితుడొకడు విదేశాల నుంచి తెచ్చుకున్న మిషను అటక మీద ఉంది. అడిగాను, ఇచ్చాడు.

ఏప్రిల్ ఆఖరు. దాళ్వా కోతలైపోయాయి, కాలువలు కట్టేశారు, మడులన్నీ కొయ్యకాళ్లతో నెర్రెలు విచ్చి ఉన్నాయి. మా వైపు ఈ పని చేయాలంటే ఆ నెలా నెలన్నరే. కాలువకి నీళ్లు వదిలి దమ్ములు మొదలయ్యాయంటే ఇక మిషను అటకెక్కాల్సిందే. మొదటిరోజు పొద్దున్నే గట్టు మీద నిలబడి మిషను బిగించుకుంటుంటే నాన్న చూసి "ఏంట్రా అది, కొత్తరకం మందు కొట్టే మిషనా?" అన్నారు. చెప్పాక ఏమీ అనలేదు. పంచె ఎగ్గట్టుకుని వెళ్లి మకాం అరుగు మీద కూర్చున్నారు, సినిమా చూడ్డానికి కూర్చున్నట్టు.

ఈ మిషను సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే కొన్నవాళ్లందరూ మొదటి వారంలోనే తిట్టుకునేది దీన్నే. కింద పళ్లెంలా ఉండే కాయిల్‌లోంచి అటూ ఇటూ మారే అయస్కాంత క్షేత్రం నేలలోకి వెళ్తుంది. మట్టిలో లోహం ఉంటే అందులో చిన్న కరెంటు సుడులు పుడతాయి, ఆ సుడుల ప్రభావం తిరిగి కాయిల్‌కి అందుతుంది. ఆ అందడంలో వచ్చే తేడాని బట్టి ఇది ఇనుమా, రాగా, వెండా అని మిషను ఒక అంచనా వేసి స్క్రీన్ మీద నంబరు చూపిస్తుంది. అంచనా మాత్రమే సుమా. సన్నటి బంగారం ముక్కా, గుట్కా పాకెట్ లోపలి అల్యూమినియం రేకూ దానికి దాదాపు ఒకేలా వినిపిస్తాయి. మన పొలాల్లో ఏది ఎక్కువుంటుందో చెప్పక్కర్లేదు కదా.

మా మట్టితో ఇంకో గొడవ. గోదారి ఎక్కడో నాసిక్ దగ్గర పుట్టి దక్కన్ నల్లరాతి మీదుగా పారుతూ ఆ రాతి పొడినంతా తెచ్చి ఇక్కడ పోసింది. అందులో అయస్కాంత గుణమున్న ఖనిజాలు ఉంటాయి, ఇసక తిన్నెల్లో నల్లగా చారలు కనిపిస్తాయి చూడండి, అవే. దానికి తోడు సముద్రం వైపు పోయేకొద్దీ మట్టిలో ఉప్పు. రెండూ కలిస్తే మిషనుకి పిచ్చెక్కి ఏమీ లేనిచోట కూడా అరుస్తుంది. ప్రతి మడిలోనూ దిగగానే కాయిల్‌ని నేలమీద పైకీ కిందకీ ఆడించి ఆ మట్టికి అలవాటు చేయాలి. ఇది నాకు తెలిసేసరికి మూడు రోజులు అయిపోయాయి, ఆ మూడు రోజుల్లో నేను తీసిన ఖాళీ గోతులు చూసి నాన్న "కొబ్బరి మొక్కలేవైనా తెప్పించమంటావా?" అన్నారు.

అసలు డబ్బులు వెతకడం మాకు కొత్తేం కాదు. చిన్నప్పుడు రాజమండ్రి మావయ్య ఇంటికి వెళ్తే అక్కడి పిల్లలు తాడుకి అయస్కాంతం కట్టి రేవులో విసిరేవారు. రైల్లో పోయేవాళ్లు వంతెన మీంచి దణ్ణం పెట్టుకుని వేసిన చిల్లర దానికి అతుక్కుని వచ్చేది. స్టీలు బిళ్లలే వచ్చేవి, రాగివీ వెండివీ అయస్కాంతానికి అంటవు కాబట్టి పాతవన్నీ గోదారమ్మ దగ్గరే ఉండిపోయాయి.

సరే, నాణేలు. నాలుగో రోజు మొదటిది, చిల్లు కాణీ. 1943 నుంచి 47 దాకా వేసిన నడిమి చిల్లు బిళ్ల, యుద్ధ కాలంలో లోహం ఆదా చేయడానికి. దాన్ని కడిగి నాన్న చేతిలో పెడితే వేలికి ఉంగరంలా తొడగబోయి, చాలక నవ్వుకుని, రూపాయికి 64 కాణీలు, అణాకి 4, బేడకి 8 అని ఎక్కం అప్పజెప్పేశారు. 1957లో నయాపైసలు వచ్చి మార్చేసిన లెక్కలు అవి, ఆయన మాత్రం వాళ్ల నాన్న నోట విన్నది విన్నట్టు చెప్పగలరు. తర్వాత ఒక 1835 పావు అణా, ఈస్టిండియా కంపెనీది, ఇవి దేశంలో ఎక్కడైనా దొరుకుతాయి. ఇంకో నాలుగు పూర్తిగా అరిగిపోయిన రాగిబిళ్లలు. వాటి మీద ఏముండేదో ఇప్పుడు దేవుడికే తెలియాలి.

ఏడోది ఉత్తరం వైపు చివరి మడిలో. జానెడు లోతు కూడా లేదు. పెద్ద బిళ్ల, ఆకుపచ్చ కిలుం పట్టి ఉంది. నీళ్లలో నానబెట్టి మెత్తటి బ్రష్షుతో రుద్దితే (చింతపండు, నిమ్మకాయ జోలికి వెళ్లకండి, మెరుస్తుంది గానీ అక్షరాలూ పోతాయి) ఒకవైపు కంపెనీ వాళ్ల మూట గుర్తు (సరుకు మూటల మీద వేసే ముద్ర), రెండోవైపు కంపెనీ రాజముద్ర, సంవత్సరం 1794, రూపాయికి 48 అని ఇంగ్లీషులో రాత. అంటే రూపాయిలో నలభై ఎనిమిదో వంతు.

ఈ నాణెం కథ తెలిశాక రెండు రోజులు నేను మామూలుగా లేను. 1766 తర్వాత ఉత్తర సర్కారులు, అంటే మన కోస్తా జిల్లాలు, కంపెనీ చేతికొచ్చాయి. ఇక్కడ వాడకానికి రాగి చిల్లర కావాలి. దాన్ని బర్మింగ్‌హాం పక్కన సోహోలో మాథ్యూ బోల్టన్ టంకశాలలో, ఆవిరి యంత్రంతో నడిచే అచ్చు మిషన్ల మీద కొట్టించారు. సూయజ్ కాలువ ఇంకా లేదు, ఆఫ్రికా చుట్టూ తిరిగి ఓడలో ఇక్కడికి రావాలి. ఇంగ్లాండు పొలాల్లో రోమన్ నాణేలు తీస్తుంటే చూసి నేను మొదలెట్టాను, మా పొలంలో నాకు దొరికిందేమో ఇంగ్లాండులో చేసిన నాణెం! ఇలాంటి రాగి బిళ్లనే మనవాళ్లు డబ్బు అనేవారు, ఆ చిన్న నాణెం పేరే ఇవాళ మొత్తం సొమ్ముకి పేరైపోయింది.

ఇక నేను కథ అల్లేశాను. యానాం దగ్గర ఇంజరంలో ఇంగ్లీషు వాళ్ల బట్టల కొఠీ ఉండేది, ద్రాక్షారామంలో డచ్చి వాళ్లది, నర్సాపురం పక్క మాధవాయపాలెం పేరు మీద మడపొల్లం అని ఒక గుడ్డే యూరప్‌లో అమ్ముడుపోయింది. ఎవరో నేతగాడు బయానా తీసుకుని, మా చేను గట్టు మీద ఇంటికి పోతూ రొంటిన పెట్టుకున్న డబ్బు జారవిడుచుకున్నాడు, అక్కడే దారి ఉండేదన్నమాట! రాత్రి అన్నాల దగ్గర ఇదంతా చెప్తుంటే నాన్న శాంతంగా విని, మజ్జిగ పోసుకుంటూ, "ఆ మడిలో మట్టి మనది కాదురా. మీ తాత పాటిదిబ్బ నించి తోలించాడు" అన్నారు.

తెలియనివాళ్ల కోసం, పాటిదిబ్బ అంటే పాత ఊరు ఉండి పాడుపడిన మిట్ట. తరాల తరబడి జనం పారబోసిన బూడిద, పేడ, ఎముకలు, కుండపెంకులు కలిసిన మట్టి కాబట్టి మంచి బలం. యూరియా ఇంత దొరకని రోజుల్లో వేసవి వచ్చిందంటే రైతులు బళ్లు కట్టి ఆ పాటిమట్టి తవ్వి చేలకి తోలుకునేవారు. మా ఊరి పాటిదిబ్బ కాలువ అవతల ఉండేది, ఇప్పుడక్కడ ఇళ్లు. నాన్న చిన్నప్పుడు బండి మీద మట్టిలో కూర్చుని వచ్చేవారట. ఉత్తరపు మడిలో మాత్రమే ఎర్ర పెంకులు ఎందుకు తగులుతాయో నాకు నలభై ఏళ్లొచ్చాక అర్థమైంది.

కాబట్టి నా నేతగాడు, నా దారి, అన్నీ గోవిందా. నాణెం మా చేలో పడలేదు, ఎరువుతో పాటు వచ్చింది. దిబ్బలో అది ఏ పొరలో ఉంది, ఎవరి ఇంటి నేల కింద ఉంది, దాని పక్కన ఇంకేముంది, అదంతా ఆ బండెడు మట్టి తవ్విన రోజే పోయింది. మిషను చెప్పేది ఇక్కడ రాగి ఉంది అని మాత్రమే. ఆ మట్టి ఎక్కడిదో చెప్పడానికి మకాం అరుగు మీద కూర్చున్న మనిషి కావాల్సి వచ్చింది. అప్పటి నుంచి ఒక నోట్‌బుక్కు పెట్టాను, ఏ మడి, గట్టు నించి ఎన్ని అడుగులు, ఎంత లోతు, ఆ మడి మట్టి చరిత్ర ఏంటి అని. నాన్న చెప్తుంటే రాసుకుంటాను. ఒక మడిలో కాలువ పూడిక, ఒక మడిలో 1986 వరదకి వేసిన ఒండ్రు, ఒక మడి మెరక తీసి పల్లంలో పోసింది. మా రెండెకరాల్లో పుట్టినచోటే ఉన్న మట్టి సగం కూడా లేదు!

చట్టం సంగతి. మన దగ్గర 1878 నాటి నిధుల చట్టం ఇంకా నడుస్తోంది. మట్టిలో దాగి ఉన్న విలువైన వస్తువు ఏదైనా నిధే దాని లెక్కన, విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకి రాతపూర్వకంగా తెలియజేయాలి. మన సొంత చేనైనా సరే. చెప్పకపోతే ఏడాది దాకా జైలు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువు, దేశం దాటించకూడదు. రక్షిత స్థలాల్లో, అంటే ఆదుర్రు బౌద్ధ స్తూపం లాంటి చోట్ల, అనుమతి లేకుండా తవ్వడం నేరమే, మిషను పట్టుకుని ఆ దరిదాపులకి కూడా వెళ్లకండి. నేను అర్జీ రాసి ఫోటోలు జతచేసి ఒక ఆఫీసుకి వెళ్తే అక్కడి గుమాస్తా నాణెం తిప్పి చూసి "ఇదా అండీ? మా ఇంట్లో ఇలాంటివి డబ్బాడున్నాయి" అన్నాడు. రసీదు మీద ముద్ర వేయించుకోవడానికి మూడుసార్లు తిరిగాను. ముద్ర పడింది, జవాబు రాలేదు, నాణెం కవర్లో బీరువాలో ఉంది.

మధ్యలో ఒక మంచి పని కూడా జరిగింది. ఎదురింటి అత్తయ్యగారి చెవి దుద్దు కిందటి సంక్రాంతికి గడ్డిమేటు దగ్గర పోయిందట. గుట్కా రేకులు నలభై దాకా తీశాక దొరికింది. ఆవిడ ఏడ్చేశారు, నాకు పూతరేకులు పెట్టారు, ఆ సాయంత్రానికి మా గుమ్మం ముందు పోయిన బంగారాల లిస్టుతో నలుగురు. తర్వాతి రాత్రి వేరే రకం మనుషులు వచ్చారు. బైకు లైటు ఆర్పి, గుడి వెనక జాగా ఉంది, అమావాస్యకి పూజ చేయిస్తాం, మీరు మిషను తెస్తే చాలు అన్నారు. నాకు టెన్షన్‌తో నోరు పెగల్లేదు, నాన్నే లోపల్నించి చేపాటికర్ర తీసుకుని వచ్చారు. మర్నాడు మిషను తీసుకెళ్లి స్నేహితుడికి ఇచ్చేశాను. వచ్చే వేసవికి మళ్లీ తెచ్చుకుంటాననుకోండి.

ఈ ఆదివారం ఊరెళ్తే మా పక్క చేను రైతు మెరక మట్టి అమ్మేస్తున్నాడు. ప్రొక్లెయిను తోడుతోంది, ట్రాక్టర్లు వరసగా ఉన్నాయి. ఆ చేలో కూడా పాటిమట్టి తోలారట, మా తాత బళ్లతో పాటే. మొదటి ట్రాక్టరు కుర్రాణ్ణి ఆపి ఎక్కడికి తమ్ముడూ అంటే కాకినాడ రోడ్డులో కొత్త వెంచరుకి అన్నాడు. అది ఏ వెంచరో, ఎన్ని ట్రక్కులో, ఏ తారీకో నోట్‌బుక్కులో రాసుకున్నాను.