ఖాళీ కాటా, వేడెక్కిన రాస్ప్‌బెర్రీ పై

తెనాలిలో మా బావ హోల్‌సేల్ కిరాణా షాపులో కాటా రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్‌కి సీరియల్ కేబుల్‌తో కలిపి ఉంటుంది. బరువు చదివి బిల్లులో వేసే ప్రోగ్రామ్ హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాశాను. "ఏరా, కాటా మీద ఏమీ లేదు, ఈ చిన్న కంప్యూటర్ ఇంత కాలిపోతోందేంటి?" అని బావ ఫోన్ చేశాడు. ఏ ప్రోగ్రామ్ ప్రాసెసర్‌ను ఎంత వాడుతోందో చూపించే 'టాప్' కమాండ్‌లో చూస్తే మా ప్రోగ్రామే ఒక కోర్‌లో సగానికి పైగా తినేస్తోంది.

ఇలాంటప్పుడు అందరి అనుమానం కాటా నుంచి డేటా చదివే 'రీడ్' మీదకే పోతుంది, ఆగాల్సిన చోట ఆగకుండా లూప్‌లో తిరుగుతోందేమోనని. ప్రోగ్రామ్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఏమేం అడుగుతోందో చూపించే ఎస్‌ట్రేస్ పెట్టి చూస్తే అదేం కాదు. హాస్కెల్ కంపైలర్ జీహెచ్‌సీతో కట్టిన ప్రోగ్రామ్ ఆ పోర్టును నాన్‌బ్లాకింగ్‌గా, అంటే డేటా లేకపోయినా రీడ్ దగ్గర ఇరుక్కుపోకుండా తెరుస్తుంది. డేటా లేకపోతే ఆ థ్రెడ్‌ను పక్కన పెట్టి, డేటా రాగానే లేపే లినక్స్ సదుపాయం ఈపోల్ దగ్గర కాచుకుంటుంది. ఆ పని బుద్ధిగానే చేస్తోంది.

అసలు సంగతి రన్‌టైమ్‌కు (ప్రోగ్రామ్‌తో పాటు నడుస్తూ మెమరీ, థ్రెడ్లు చూసుకునే భాగం) +ఆర్‌టీఎస్‌తో క్యాపిటల్ ఎస్ ఆప్షన్ ఇచ్చాక బయటపడింది. సెకనుకో మేజర్ జీసీ, అంటే మెమరీ మొత్తం వెతికి అక్కర్లేని డేటాను ఊడ్చేసే గార్బేజ్ కలెక్షన్! థ్రెడెడ్ రన్‌టైమ్‌లో ప్రోగ్రామ్ 0.3 సెకన్లు ఖాళీగా ఉంటే చాలు, 'ఎలాగూ పని లేదు కదా' అని పూర్తి జీసీ నడిపేస్తుంది. ఒకసారి నడిపాక మళ్లీ ఏదైనా పని తగిలేదాకా ఊరుకుంటుంది. కానీ మా కాటా ఊరుకోదు. మీద ఏమీ లేకపోయినా సెకనుకోసారి సున్నా బరువు పంపుతూనే ఉంటుంది. సున్నా రాగానే థ్రెడ్ లేస్తుంది, చదువుతుంది, పడుకుంటుంది. 0.3 సెకన్లకు మళ్లీ జీసీ. పైగా పాత బిల్లులన్నీ ఒక పెద్ద మ్యాప్‌లో మెమరీలోనే ఉంటాయి (పాత బాకీ అడగ్గానే చూపించాలని బావ పట్టు). జీహెచ్‌సీ మామూలుగా వాడే మేజర్ జీసీ, ఇంకా వాడుకలో ఉన్న డేటాను దాదాపు అంతా ప్రతిసారీ కొత్త చోటికి కాపీ చేస్తుంది. అంటే తూకం వేయని సున్నా కోసం ఏళ్ల బిల్లులన్నీ సెకనుకోసారి ఇల్లు మారుతున్నాయన్నమాట.

క్యాపిటల్ ఐ ఆప్షన్ పక్కన 0 పెడితే ఈ ఖాళీ సమయపు జీసీ (ఐడిల్ జీసీ) పూర్తిగా ఆగిపోతుంది. చాలామంది అదే చెబుతారు. నాకది నచ్చలేదు. వాడకం అయిపోయిన వాటిని సర్దే ఫైనలైజర్లు నడిపేది, ఎంవార్ (థ్రెడ్లు డేటా ఇచ్చిపుచ్చుకునే పెట్టె) మీద ఇరుక్కుపోయిన థ్రెడ్లను పట్టి ఇచ్చేది కూడా ఆ జీసీయే. అందుకే -ఐడబ్ల్యూ60 పెట్టాను, రెండు ఐడిల్ జీసీల మధ్య కనీసం 60 సెకన్లు ఉండేలా. షాపులో ఎవరూ ఆప్షన్లు టైప్ చేయరు కాబట్టి దాన్ని కంపైల్ చేసేటప్పుడే, రన్‌టైమ్ ఆప్షన్లను ప్రోగ్రామ్‌లోనే పొదిగే విత్ ఆర్‌టీఎస్ఆప్ట్స్‌లో ఇచ్చేశాను.

ఇప్పుడు టాప్‌లో మా ప్రోగ్రామ్ కోసం కిందికి స్క్రోల్ చేసి వెతుక్కోవాలి. బావ మాత్రం "ఫ్యాను కొనమంటావా?" అని ఇంకా అడుగుతున్నాడు.