తెల్లవారితే తగ్గని జ్వరం

ఆఖరి మాత్ర మింగి మూడు నెలలు దాటింది. ఎక్స్‌రే బాగుందన్నారు. తగ్గిన బరువులో ఆరు కిలోలు తిరిగి వచ్చాయి. మేడ మెట్లు ఆగకుండా ఎక్కుతున్నాను. ఇన్నాళ్లూ ఈ సంగతి రాయడానికి చెయ్యి రాలేదు. నాకు వచ్చిన క్షయ గురించి, ముప్పై ఏళ్లుగా నేను ప్రాణంగా చదువుకుంటున్న పుస్తకాల గురించి, ఆ రెండింటినీ కలిపి ఒక డాక్టరు అన్న మాట గురించి ఇప్పుడు రాయాలి.

సికిందరాబాదులో ఒక బడిలో ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఆదివారం ఆరాధన ముగిశాక ఆబిడ్స్‌లో పాత పుస్తకాలు పరిచే చోట కాసేపు ఆగడం నాకు పెళ్లికి ముందు నుంచీ అలవాటు. జానెట్ ఓక్ రాసిన ‘లవ్ కమ్స్ సాఫ్ట్‌లీ’ అక్కడే దొరికింది. 1979లో వచ్చిన చిన్న నవల. జనం గుర్రపుబండ్లలో అమెరికా పడమటి మైదానాలకు వలస పోతున్న రోజుల కథ. మార్టీ అనే పడుచు కడుపుతో ఉండగానే భర్త దారిలో చనిపోతాడు. పైన చలికాలం. భార్యను పోగొట్టుకున్న క్లార్క్ అనే రైతు, తన పసిబిడ్డకు తల్లి కావాలని, ఆమెకు తలదాచుకునే చోటు కావాలని పెళ్లి మాట ఎత్తుతాడు. బండ్లు తూర్పుకు తిరిగి వెళ్లేటప్పుడు నీకు వెళ్లాలనిపిస్తే ఆ ఖర్చు నేనే పెట్టుకుంటానని మాట ఇస్తాడు. ఆ తర్వాత ఎన్ని పేజీలు తిప్పినా ప్రేమ అన్న మాట రాదు. కట్టెలు తెచ్చి పడేయడం, నీళ్లు మోయడం, మంచు కురిసే రాత్రి పొయ్యి ఆరిపోకుండా చూసుకోవడం, అంతే. నేను ఆ పుస్తకాన్ని గుండెకు హత్తుకుని ఇంటికి తెచ్చుకున్నాను. అప్పటి నుంచి అలాంటివే వెతికి చదివాను. ఒక చిన్న ఊరు, ఒక చర్చి, ఒక బడి, జబ్బు చేసినవారి ఇంటికి గిన్నె పట్టుకుని వచ్చే పొరుగువాళ్లు. పడకగది తలుపు దగ్గర రచయిత్రి ఆగిపోతుంది. మా అమ్మాయికి పదిహేనేళ్లప్పుడు ఏ బెంగా లేకుండా ఇవ్వగలిగాను.

పోయిన ఏడాది వానలు మొదలైనప్పుడు దగ్గు పట్టుకుంది. మా వీధి చివరి డాక్టరు ఎలర్జీ అన్నారు. రెండున్నర నెలల పాటు మందులు మార్చి మార్చి ఇచ్చారు. సాయంత్రం కాగానే జ్వరం కాస్తోందని చెప్పాను, రాత్రి జాకెట్టు తడిసిపోయేలా చెమట పడుతోందని చెప్పాను, బరువు 46 కిలోలకు దిగిందని చెప్పాను. తెమడ పరీక్ష చేయించమని ఒక్కసారి కూడా అనలేదు. రెండు వారాలు దాటిన దగ్గుకు ఆ పరీక్ష చేయించాలని ప్రభుత్వ ఆసుపత్రి గోడ మీద కూడా రాసి ఉంటుంది. ఆయన మీద కోపం నాకు ఇంకా పోలేదు, పోగొట్టుకోవాలని ప్రయత్నమూ చేయడం లేదు.

రక్తం పడిన రాత్రి గురించి మాత్రం నిదానంగా చెప్పాలి. ఒంటి గంట దాటింది. దగ్గు తెర వచ్చి లేచి కూర్చున్నాను. గొంతులోకి వెచ్చగా, ఉప్పగా ఏదో ఎగదన్నింది. తువ్వాలులో ఉమ్మితే నురగతో ఎర్రటి రక్తం. మావారు లైటు వేసి చూసి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. నా చేతిసంచీ, చెప్పులు తెచ్చి పెట్టి ఆటో కోసం రోడ్డు మీదికి పరుగెత్తారు. ఆసుపత్రిలో ఇంజెక్షను, సెలైను, ఎక్స్‌రే అన్నీ అరగంటలో అయిపోయాయి. అనుమానం ఉందని నన్ను విడిగా ఒక గదిలో ఉంచి తలుపు మూశారు. తోడు ఉండటానికి వీల్లేదన్నారు.

ఆ గదిలో మంచం, ఒక బేసిను, తిరగని ఫ్యాను. మూడు గంటలప్పుడు మళ్లీ రక్తం వచ్చింది. గంట నొక్కాను. ఎవరూ రాలేదు. మళ్లీ నొక్కాను. తలుపుకూ నేలకూ మధ్య రెండు వేళ్ల సందు ఉంది. అందులోంచి వరండా వెలుతురు పడుతోంది. ఆ వెలుతురులో మావారి చెప్పులు కనిపించాయి. నేను దగ్గినప్పుడల్లా అవి తలుపుకు ఇంకాస్త దగ్గరకు వచ్చేవి. నేను చెంచాతో స్టీలు గ్లాసు మీద ఒకసారి కొట్టాను. బయటి నుంచి తలుపు మీద రెండుసార్లు చప్పుడైంది. ఆయనే వెళ్లి నర్సును లేపుకుని వచ్చారు. ఆ తర్వాత తెల్లవారేదాకా అలాగే గడిచింది. నేను ఒకటి కొడితే ఆయన రెండు.

చచ్చిపోతానని భయం వేసింది. విశ్వాసం ఉన్నవారికి భయం ఉండదని ఎవరైనా అంటే ఆ రాత్రి గుర్తుకు వస్తుంది. పెద్ద ప్రార్థనలేవీ నోటికి రాలేదు. ప్రభువా అన్న ఒక్క మాట, అదీ సగంలో దగ్గుతో ఆగిపోతూ.

సంచీలో నేను అప్పటికి చదువుతున్న పుస్తకం ఉంది. 1967లో వచ్చిన కేథరిన్ మార్షల్ నవల ‘క్రిస్టీ’. పంతొమ్మిదేళ్ల పిల్ల 1912లో టెనెస్సీ కొండల్లోని మిషన్ బడిలో పాఠాలు చెప్పడానికి వెళ్తుంది. టైఫాయిడ్ ఊరంతా పాకే చోట నేను ఆగి ఉన్నాను. పొద్దున్నే డాక్టరుగారు నలుగురు విద్యార్థులను వెంటబెట్టుకుని వచ్చారు. మంచం పక్కనున్న ఆ పుస్తకాన్ని తొడుగు వేసుకున్న రెండు వేళ్లతో ఎత్తి, అట్ట చూసి, “ఈ వయసులో ప్రేమకథలా అమ్మా? మనసు ఇంకా పదహారేళ్లలోనే ఉన్నట్టుంది” అన్నారు. పిల్లలు నవ్వారు. ఒక అమ్మాయి మాత్రం నవ్వలేదు. వాళ్లంతా వెళ్లిపోయాక తిరిగి వచ్చి, నా గడ్డం మీద ఎండిపోయిన రక్తాన్ని తడిగుడ్డతో తుడిచి వెళ్లింది. ఆ అమ్మాయి పేరు అడగలేకపోయాను. ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

ఆ డాక్టరుగారికి అప్పుడు చెప్పలేని జవాబు ఇప్పుడు చెబుతున్నాను. ఆ పుస్తకం రాసినామెకు కూడా ఇదే జబ్బు వచ్చింది. 1943లో. చంటిపిల్లవాడిని, భర్తను పెట్టుకుని రెండేళ్లకు పైగా మంచం పట్టింది. క్షయను చంపే తొలి మందు స్ట్రెప్టోమైసిన్‌ను అమెరికాలో కనిపెట్టింది కూడా ఆ ఏడాదే, కానీ అది రోగులందరికీ అందడానికి ఇంకా కొన్నేళ్లు పట్టింది. కదలకుండా పడుకోవడమే అప్పటి వైద్యం. కథలోని ఆ పంతులమ్మకు మూలం ఆమె కన్నతల్లి. కొండల్లో పిల్లలకు అక్షరాలు దిద్దించిన తల్లి. ఇది ప్రేమకథే. ప్రేమకథ అయితే రక్తం పడుతున్న మనిషి చదవకూడదా?

ఆ సాయంత్రం మావారు ఆ పుస్తకాన్ని ఇంటికి పట్టుకెళ్లారు. ఆయన బ్యాంకులో పని చేశారు. నవల అన్నది ఎప్పుడూ చేతపట్టలేదు. మర్నాడు కిటికీ దగ్గర నిలబడి, “ఆ పంతులమ్మకు కూడా టైఫాయిడ్ వస్తుంది. కానీ బతుకుతుంది. చివరి దాకా చూసి వచ్చాను” అన్నారు. రాత్రంతా నిద్రపోలేదని కళ్లు చెబుతున్నాయి. ముప్పై నాలుగేళ్ల కాపురంలో ఆయన నాకు చెప్పిన మాటల్లో అంతకంటే తియ్యనిది లేదు.

తెమడలో క్షయ అని తేలింది. మామూలు మందులకు లొంగే రకమే. ఊపిరి పీల్చుకున్నాం.

అయితే నా పుస్తకాల మీద కూడా నాకు ఒక ఫిర్యాదు ఉంది. వాటిలో జ్వరం ఒక్క రాత్రిలో దిగిపోతుంది. ఎవరో ఒకరు మంచం పక్కన కూర్చుని తడిగుడ్డ వేస్తూ ప్రార్థన చేస్తారు, కిటికీలో వెలుగు రాగానే నుదురు చల్లబడుతుంది. అది అబద్ధమేమీ కాదు. మందులు లేని రోజుల్లో న్యుమోనియా జ్వరం వారం పది రోజులకు ఒక్కసారిగా దిగేది, లేదా మనిషిని తీసుకుపోయేది. 30వ కీర్తనలో కూడా రాత్రి ఏడ్పు ఉన్నా ఉదయానికి సంతోషం వస్తుందనే ఉంది. కానీ క్షయకు అలాంటి ఉదయం లేదు. దానికి ఆరు నెలలు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిసిన మాత్రలు రోజుకు మూడు, పరగడుపున. మొదటి రోజే మూత్రం నారింజ రంగులోకి మారితే రక్తమేమోనని హడలిపోయాను. అది వాటిలోని రిఫాంపిసిన్ అనే మందు వల్ల, భయం లేదని ముందే ఒక మాట చెప్పి ఉండవచ్చు కదా. ఇథాంబ్యుటాల్ అనే ఇంకో మందు కొందరికి కళ్ల మీద పనిచేస్తుందని, ఎరుపు ఆకుపచ్చ తేడా తెలియకపోతే వెంటనే చెప్పాలని అన్నారు. చదువుకునే మనిషికి అంతకంటే పెద్ద భయం ఏముంటుంది? రోజూ లేవగానే ఒక పుస్తకం అట్ట చూసేదాన్ని. పచ్చటి పొలం, అమ్మాయి టోపీకి ఎర్ర రిబ్బను. రిబ్బను ఎర్రగానే ఉందని నిశ్చయం చేసుకున్నాకే మాత్రలు మింగేదాన్ని.

మీలో ఎవరికైనా ఈ జబ్బు ఉంటే ఒక్క మాట వినండి. రెండో నెలకు దగ్గు పోతుంది, ఆకలి పుడుతుంది, ఇక మందులెందుకు అనిపిస్తుంది. అప్పుడే మానకూడదు. మానితే మందుకు లొంగని జబ్బుగా తిరగబెట్టవచ్చు.

మా ఆడపడుచు చూడటానికి వచ్చి, నా కంచం, గ్లాసు అడుగున గోళ్ల రంగుతో ఎర్ర చుక్కలు పెట్టింది. “తప్పుగా అనుకోకు వదినా, ఇంట్లో అందరం బాగుండాలి కదా” అంది. క్షయ కంచాల వల్ల రాదు, దగ్గినప్పుడు గాలి వల్ల వస్తుంది. మందులు ఇంట్లో ఉండి వాడినా ఆసుపత్రిలో వాడినా ఒకటేనని, ఇంట్లోవారికి అదనంగా ముప్పు లేదని 1956లో మద్రాసులో మొదలైన పరిశోధన తేల్చింది. ప్రపంచమంతా క్షయ రోగులను విడిగా ఉంచే శానిటోరియాలు మూతపడటానికి ఆ పరిశోధనే ఒక కారణం. మా అమ్మమ్మ చెల్లెలిని మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియానికి తీసుకెళ్లి వదిలిన రోజుల్లో అంటే అర్థం ఉంది. ఇప్పుడు కూడానా? ఆ రాత్రి మావారు చుక్క ఉన్న కంచంలోనే అన్నం పెట్టుకుని తిన్నారు. ఏమీ అనలేదు. మర్నాడు ఆమె బస్సెక్కి వెళ్లిపోయింది.

ప్రార్థన చేయడానికి వచ్చిన ఒక సంఘపెద్ద, “ఒప్పుకోని పాపం ఏదైనా ఉందేమో చూసుకోమ్మా” అన్నారు. ఆయనను నేను క్షమించాను. అందుకు నాలుగు నెలలు పట్టింది. అదే సంఘంలో ఒకామె కుట్టుపని చేసుకుంటూ, వారానికి రెండుసార్లు డజను గుడ్లు గుమ్మంలో పెట్టి, తలుపు తట్టి వెళ్లిపోయేది. డబ్బు ఇవ్వబోతే కళ్లనీళ్లు పెట్టుకుంది. దేవుడు నా దగ్గరకు వచ్చింది ఆ గుడ్ల సంచీతోనే అని నమ్ముతున్నాను.

మందులు తెచ్చి ఇచ్చే ఆశా కార్యకర్త గురించి చెప్పకపోతే పాపం. ప్రభుత్వం తిండికి ఇచ్చే నెలకు వెయ్యి రూపాయలు నా ఖాతాలో పడేదాకా తిరిగింది ఆమే. మావారికి ఛాతీ ఎక్స్‌రే తీయించి జబ్బు సోకలేదని నిర్ధారణ చేయించింది ఆమే. మొదటి రోజే నా ఒళ్లోని పుస్తకం చూసి, “ఇందులో ఏముంది టీచరమ్మా?” అని అడిగింది. నవ్వడానికి కాదు, తెలుసుకోవడానికి. మార్టీ కథ మొదలుపెట్టాను. వచ్చినప్పుడల్లా మాస్కులు పెట్టుకుని వరండాలో దూరంగా కూర్చుని పావుగంట చెప్పేదాన్ని. బిడ్డ పుట్టడం, మంచులో చిక్కుకోవడం, చలికాలం గడవడం, అన్నీ తెలుగులోనే. ఆఖరి నెల ఖాళీ అయిన మాత్రల అట్టలు లెక్కపెట్టుకుని, చీటీలో సంతకం చేయించుకుని, ఆమె మెట్లు దిగి మళ్లీ ఆగింది.

“బండ్లు తిరిగి వెళ్లేటప్పుడు ఆవిడ వెళ్లిపోయిందా టీచరమ్మా?”

“లేదమ్మా, ఉండిపోయింది” అన్నాను.