చెక్‌పోస్టులో తేలిన పుట్టగొడుగు

మొన్న ఆదివారం శేషాచలం కొండల కింద మా మేనత్త మామిడితోటకు వెళ్లాను. ఎండిపోయిన దుంగ మీద నారింజ కలిసిన ఎరుపులో, చిన్న విసనకర్రల్లా ఏవో మొలిచి ఉన్నాయి. "కుక్కగొడుగులు రా, ముట్టుకోవద్దు" అంది అత్త. మనకు తినకూడనివన్నీ కుక్కగొడుగులేగా! రెండు విరిచి కవర్లో వేసుకున్నాను.

ఫోన్‌లో యాప్ మూడు ఫోటోలకు మూడు పేర్లు చెప్పింది. తెలిసిన బాటనీ లెక్చరర్‌కు వాట్సాప్‌లో పంపితే "ఏదో ఫంగస్" అని బొటనవేలు పెట్టాడు. ఆ ఒక్క ముక్కకు పీహెచ్‌డీ ఎందుకో!

సాయంత్రం తిరుపతి బస్సెక్కాను. దారిలో ఒక చెక్‌పోస్టు దగ్గర బ్యాగులు చూస్తున్నారు. "కవర్లో ఎర్రగా ఏంది సార్ అది?" అన్నాడు కుర్ర గార్డు. పుట్టగొడుగు అన్నాను. "పుట్టగొడుగు ఇంత గట్టిగా ఉంటుందా? దిగండి." ఎర్రచందనం చెక్కలనుకున్నాడు! బస్సు ఆగింది. కిటికీల నిండా తలలు. "చూస్తే చదువుకున్నోడి మాదిరి ఉండాడే" అని ఒక అవ్వ గట్టిగానే అంది. నాకు చెమటలు. అత్తకు ఫోన్ చేస్తే సిగ్నల్ లేదు.

లోపలి నుంచి ఒక పెద్దాయన వచ్చి, మగ్గులో నీళ్లు తెప్పించి ఒకటి వేశాడు. ఎర్రచందనం చేవ, అంటే లోపలి గట్టి కర్ర, నీళ్లలో మునుగుతుంది. నాది తేలింది. తీసి తిరగేసి, "కింద సన్న చిల్లులుండాయి చూడ్రా, చెక్కకు యాడుంటాయి?" అన్నాడు. బస్సంతా నవ్వింది.

నాకు మాత్రం అక్కడే బుర్ర వెలిగింది. నా ఫోటోలన్నీ పైనుంచి తీసినవే!

ఇంటికొచ్చి భూతద్దం పెట్టాను. కింద రేకుల్లాంటి మడతలు లేవు, మిల్లీమీటరుకు నాలుగైదు రంధ్రాలు. పైనా కిందా అదే ఎరుపు, కాడ లేదు, వంచితే తోలులా ఉంది. దీని శాస్త్రీయ నామం పిక్నోపోరస్ సాంగ్వినియస్. రెండో మాటకు లాటిన్‌లో నెత్తురు రంగుది అని అర్థం. స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1763లోనే దీన్ని వర్ణించాడు. ఎండుకర్రను కుళ్లబెట్టి బతుకుతుంది, కూరకు పనికిరాదు. ఎండకు వెలిసిపోతుంది కాబట్టి రంగొక్కటే నమ్మకండి. నల్ల కాగితం మీద బోర్లించి బీజాల ముద్ర (అడుగు నుంచి రాలే సన్న పొడి మచ్చ) కోసం రాత్రంతా ఉంచాను, ఏమీ పడలేదు. ఎండినదానితో ఆ ప్రయాస వద్దు.

దుంగతో సహా ఫోటో తీసుకోండి, అడుగు వైపు కూడా. రిజర్వు ఫారెస్టులో అయితే అసలు విరవొద్దు, అది నేరం. నాది సొంతవాళ్ల తోట కాబట్టి సరిపోయింది.

రెండింట్లో పెద్దది ఆ పెద్దాయన బల్ల మీదే ఉండిపోయింది. తిరిగి అడిగే ధైర్యం చాల్లేదు.